లకుముకి పిట్ట ఫోటో

అనగనగా, మనుషులు కెమెరా మర్చిపోయి వెళ్ళిన ఒక అడవిలో, బుచ్చాయి అనే దేవాంగపిల్లి ఉండేది. గుండ్రటి కళ్ళు, సన్నటి చేతులు. కొమ్మ మీద గంటలకొద్దీ కదలకుండా కూర్చునేది. అందుకే ఆ కెమెరా దానికి భలే కుదిరింది. అది తీసిన ఫోటోలు చూసి అడవంతా నోరెళ్ళబెట్టేది.

కానీ అమ్మో, అనుమానం! ఆకు కదిలినా "ఎవరో నా వెనకే వస్తున్నారు" అనుకునే రకం. మీలోనూ ఉన్నారులే అలాంటివాళ్ళు, పేర్లు చెప్పను.

దాని తొర్ర కారేది. పోయిన వానాకాలమంతా తడుస్తూ, దగ్గుతూ గడిపింది. ఈసారి వానలొచ్చేలోగా ఎలాగైనా పొడి తొర్ర సంపాదించాలి. దాని ప్రాణమంతా ఆ ఆశ మీదే ఉంది.

అందుకని, ఫోటోలు అమ్మి తొర్ర కొనుక్కుందామని, ఫోటోల కొట్టు నడిపే కొండముచ్చు గవరయ్య దగ్గరికి వెళ్ళింది.

"చూడమ్మా బుచ్చాయీ" అన్నాడు గవరయ్య. "ఫోటో ఎప్పటికీ నీదే. మనం అమ్మేది, దాన్ని కొన్నవాళ్ళు తమ బోర్డు మీద పెట్టుకునే అనుమతి. ఒకే ఫోటోకి పదిమందికైనా అనుమతి ఇవ్వొచ్చు. పున్నమికి అందరి దగ్గరా పళ్ళు వసూలు చేసి నీ వాటా తెచ్చిస్తా. నీ ఫోటోలన్నీ నా కొట్టుకే ఇస్తానంటే వాటా పెద్దది. కానీ ఇంకెవరికీ ఇవ్వకూడదు మరి!"

"సరే మావా" అంది బుచ్చాయి.

ఆ అడవిలో మాటిస్తే కొట్టు గుమ్మం మీద గోటితో గీత గియ్యాలి. బుచ్చాయి గీసి, తన ఫోటోలన్నీ ఇచ్చింది.

"ఇంకో మాట" అన్నాడు గవరయ్య. "లకుముకి పిట్ట చేపతో నీళ్ళలోంచి లేస్తున్న ఫోటో ఉందే, దాన్ని ఏనుగమ్మ తన స్నానాల రేవుకి అడుగుతోంది. అడవిలో అది ఇంకెక్కడా కనబడకూడదట. అలాగైతే తన మద్దిచెట్టు తొర్ర నీకిచ్చేస్తుందట. చుక్క నీరు కారదు."

బుచ్చాయి ఎగిరి గంతేసింది.

మర్నాడు ఎలుగుబంటి తేనె కొట్టు మీద తను తీసిన జింక ఫోటో కనబడింది. "ఓహో" అనుకుంది. కాస్త ముందుకెళ్తే ముళ్ళపంది దుంపల బండి మీద అదే జింక. "ఓహోహో!" కుందేళ్ళ బడి గోడ మీద కూడా అదే జింక! బుచ్చాయికి ఒళ్ళు మండిపోయింది.

"మూడు చోట్ల అమ్ముకున్నాడు! నాకొక్క పండన్నా వచ్చిందా? ఆ ఏనుగమ్మ తొర్ర కూడా ఒట్టి బూటకమే!"

గవరయ్య కొట్టు దారిలోనే ఉంది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగిందా? అడగలేదు.

అప్పుడే నక్క జగ్గులు ఎదురొచ్చాడు.

"అక్కా, వాడు నిన్ను నిలువునా ముంచుతున్నాడు. ఆ లకుముకి ఫోటో నాకివ్వు. నా పీతల కొట్టు మీద పెట్టుకుంటా. సాయంత్రానికల్లా నీకు బుట్టెడు పళ్ళు పంపిస్తా."

గుమ్మం మీద గీసిన గీత బుచ్చాయికి గుర్తొచ్చింది. అయినా తన దగ్గరున్న కాపీ తీసి ఇచ్చేసింది. అందరినీ అనుమానించేదానికి నక్క మీద మాత్రం అనుమానం రాలేదు చూశారా!

సాయంత్రమైంది. పళ్ళు రాలేదు. మర్నాడూ రాలేదు.

పున్నమి నాడు గవరయ్య బుట్ట మోసుకుంటూ వచ్చాడు. "ఇదిగోనమ్మా, నీ వాటా! జింక ఫోటో ముగ్గురు తీసుకున్నారు."

గవరయ్య వెనకే ఏనుగమ్మ నిలబడి ఉంది.

"పిల్లా, నీకు తొర్ర చూపిద్దామని బయల్దేరాను" అంది ఏనుగమ్మ. "దారిలో నక్క పీతల కొట్టు మీద నా లకుముకి పిట్ట కనబడింది. నాకొక్కదానికే ఉంటుందనే కదా తొర్ర ఇస్తానన్నాను!"

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"అనుమానం వస్తే నన్నొక్క మాట అడగొచ్చుగా తల్లీ" అన్నాడు గవరయ్య. "నీ మాట నమ్మి నేను ఏనుగమ్మకి మాటిచ్చాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగను?"

బుచ్చాయి భోరున ఏడ్చింది. "తప్పయిపోయింది మావా!"

ఆ సాయంత్రమే మొదటి వాన పడింది. పాత తొర్రలో బుచ్చాయి ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళో బుట్టనిండా నేరేడు పళ్ళు. ఆ పళ్ళ మీద టపటపా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

నీతి: అనుమానం వస్తే అడిగి తీర్చుకోవాలి. అడగకుండా అనుమానపడి, ఇచ్చిన మాట తప్పితే మనమే నష్టపోతాం.