స్వామివారి వ్యానుకు ముసుగు

వ్యానుకు టార్పాలిన్ కప్పాలా, వద్దా? తొలి ఏకాదశికి ముందు మూడు రోజులు ఆశ్రమంలో ఇదే తగవు.

సోమతీర్థస్వామి ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ పాత వ్యానులోనే ఉండేవారు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, మూడు అరల నిండా పుస్తకాలు. మన్యం ఊళ్లన్నీ తిరుగుతూ, పొద్దుగూకే వేళకు ఏ బడి ముందో ఆపించి, చేరినవాళ్లకు చదివి వినిపించి, అక్కడే పడుకునేవారు. తొలి ఏకాదశి వచ్చిందంటే మాత్రం చాతుర్మాస్య దీక్ష. నాలుగు నెలలు ఊరి పొలిమేర దాటకూడదు. స్వామితో పాటు వ్యాను కూడా ఆశ్రమం పెరట్లో దీక్ష పట్టేది.

ఆ నాలుగు నెలలూ వ్యానును ఎవరు కనిపెట్టుకుని ఉంటే, కార్తికంలో బయల్దేరే యాత్రలో స్వామి వెంట వాళ్లే వెళ్లడం ఆనవాయితీ. ఈసారి ఆ పని విరూపాక్షకు దక్కింది. ఇరవై మూడేళ్లవాడు, లెక్కల్లో దిట్ట. ఆశ్రమానికి వచ్చి రెండేళ్లయినా ఒక్క యాత్రా చూడలేదు. వ్యాను బాగుంటేనే ఈ యాత్ర. పాడైతే అదీ లేదు.

కిందటేడు డ్రైవరు సింహాద్రి వ్యానును ఏ కప్పూ లేకుండా ఆరుబయట వదిలేశాడు. పైకప్పు అతుకులోంచి నీరు దిగి, పై అరలో పుస్తకాల అట్టలూడిపోయాయి.

"ఎప్పుడూ కప్పలేదు తమ్ముడూ" అన్నాడు సింహాద్రి. "మూటగడితే లోపల ఉడికిపోద్ది."

"కప్పకపోతే పదిహేడు పుస్తకాలు పోయాయి అన్నా."

"పదహారు. పదిహేడోది ముందే చినిగుంది."

విరూపాక్ష టేపు తెచ్చి కొలిచాడు. వ్యాను పొడవు పదహారడుగులు, వెడల్పు ఆరు, ఎత్తు ఏడు. నాలుగు వైపులా నేల దాకా దిగాలంటే ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. సరిగ్గా అంతే టార్పాలిన్ తెప్పించాడు. కిటికీలు బిగించాడు. సందుల్లో పాత గుడ్డలు కూరాడు. ఇరవై నాలుగు చోట్ల తాడు ముడివేశాడు. చివరికి ఒక పలక మీద "ముట్టరాదు" అని రాసి ముందు వేలాడదీశాడు.

"పెళ్లికూతురికి కూడా ఇంత ముసుగు వేయరురా" అంది వంటావిడ పేరిందేవమ్మ.

ఏకాదశి నాడే వాన మొదలైంది. తొమ్మిది రోజులు తెరిపి లేదు. పదో రోజు భిక్ష వేళకు విరూపాక్ష స్వామి ముందు నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"తొమ్మిది రోజుల వాన స్వామీ. వ్యాన్లోకి ఒక్క చుక్క పోలేదు."

"చూశావా?"

"చూడక్కర్లేదు స్వామీ. లెక్క."

సింహాద్రి అరుగు మీంచి అందుకున్నాడు. "ఒక్క ముడి విప్పి చూద్దాం రా అంటే దగ్గరికి రానివ్వడు స్వామీ. అసలు కప్పడమే వద్దని నేనంటాను. మీరే చెప్పండి, కప్పాలా వద్దా?"

స్వామి ఇద్దరినీ చూశారు. లేచి వంటింట్లోకి వెళ్లారు.

దీక్షలో మొదటి నెల కూరలు నిషిద్ధం. అందుకని పేరిందేవమ్మ రోజూ పెసరట్లు పోసేది. పెనం మీంచి అప్పుడే దిగిన మూడింటిని స్వామి మూడు ఆకుల్లో పెట్టించుకుని, తెచ్చి అరుగు మీద వరసగా ఉంచారు. ఒకదాని మీద ఇత్తడి గిన్నె బోర్లించి, చుట్టూ తడిగుడ్డ ఒత్తారు. ఒకదాన్ని అలాగే వదిలేశారు. మూడోదాని మీద పువ్వులు కోసుకొచ్చే వెదురు బుట్ట బోర్లించారు.

"గిన్నె కిందది విరూపాక్షది. కప్పనిది సింహాద్రిది. వెళ్లి చెరొక మాల జపం చేసుకుని రండి."

"వేడి మీద తింటేనే బాగుంటుంది స్వామీ" అన్నాడు సింహాద్రి.

"జపం కూడా అంతే."

ఇద్దరూ వెళ్లారు. జపం కాస్త వేగంగానే పూర్తయినట్టుంది. పావుగంటలో తిరిగొచ్చారు.

సింహాద్రి ఆకులో పెసరట్టు సగమే ఉంది. మిగతా సగం ముక్కున కరుచుకుని ఒక కాకి గోడ మీద కూర్చుంది.

"సగం ఉంచింది, ధర్మాత్మురాలు" అన్నాడు సింహాద్రి.

విరూపాక్ష నవ్వుతూ తన గిన్నె ఎత్తాడు. గిన్నె లోపలి నుంచి నీళ్లు జారి అతని మణికట్టు మీద పడ్డాయి. పెసరట్టు తడిసిన అంగవస్త్రంలా మెత్తగా ఆకుకు అంటుకుపోయింది. చివర పట్టుకుని ఎత్తితే చివరే చేతిలోకి వచ్చింది.

గడపలోంచి చూస్తున్న పేరిందేవమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అరుగు మీద చినుకు పడలేదే నాయనా. గిన్నెలో వాన కురిసిందా ఏమిటి?"

స్వామి తీరిగ్గా వెదురు బుట్ట తీశారు. పెసరట్టు చివర విరిచారు. అది చిన్న చప్పుడు చేసింది. నోట్లో వేసుకున్నారు.

"బాగుంది పేరిందేవీ" అన్నారు.

విరూపాక్ష ఆ బుట్టను చేతిలోకి తీసుకున్నాడు. వెలుగుకు ఎత్తి చూశాడు. బద్దల సందుల్లోంచి గోడ మీది కాకి కనిపించింది. బుట్ట కింద పెట్టి, వానలోనే పెరట్లోకి పరుగెత్తాడు.

ఒక ముడి, రెండు ముళ్లు. మూడోది కోసేశాడు. టార్పాలిన్ లోపలి వైపు ముత్యాల్లా నీటిబొట్లు. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. కిటికీ అద్దాలకు లోపలి నుంచి చెమట పట్టింది. పై అర చెక్కుచెదరలేదు, ఒక్క చుక్క దిగలేదు. కానీ అరలన్నింట్లో పుస్తకాల అట్టల మీద పలచగా, బియ్యప్పిండి చల్లినట్టు, బూజు.

అతను వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు.

కాసేపటికి గొడుగు వేసుకుని సింహాద్రి వచ్చాడు. లోపలికి తొంగిచూశాడు. ఎత్తిపొడుపు వస్తుందని విరూపాక్ష తల వంచుకున్నాడు.

"ఎన్ని?" అన్నాడు సింహాద్రి.

"లెక్కపెట్టలేదన్నా."

సింహాద్రి ఒక్క క్షణం అతన్నే చూశాడు. తర్వాత గొడుగు మడిచి లోపలికెక్కాడు. "జరుగు. నేను అందిస్తాను, నువ్వు ఒళ్లో పెట్టుకో. గొడుగు పేరిందేవమ్మగారు పడతారు."

"నేనెప్పుడు పడతానన్నాను?" అంటూనే ఆవిడ వచ్చింది.

పుస్తకాలన్నీ వంటింటి అటక మీదికి చేరాయి. పొయ్యి సెగకు నాలుగు రోజుల్లో ఆరాయి. పొడిగుడ్డతో తుడిస్తే బూజు పోయింది. ఒక్క అట్టా ఊడలేదు.

వాన తెరిపిచ్చిన రోజు ఇద్దరూ వెదురు గెడలు నరుక్కొచ్చారు. వ్యాను చుట్టూ ఆరు పాతారు. పైన అడ్డగెడలు కట్టి, అదే టార్పాలిన్‌ను పందిరిలా లాగారు. వ్యాను పైకప్పుకీ దానికీ మధ్య జానెడు ఖాళీ వదిలారు. పక్కల వాలు కిటికీల దాకే దించారు. కిటికీలు రెండు వేళ్లంత తెరిచి, ఎలుకలు దూరకుండా సన్న జాలీ బిగించారు.

"జానెడంటే ఎన్ని అంగుళాలు?" అన్నాడు విరూపాక్ష.

"నా జానా, నీ జానా?"

విరూపాక్షకు నవ్వొచ్చింది. టేపు జేబులోనే ఉండిపోయింది.

పలక మీది "ముట్టరాదు" చెరిపేశాడు. ఆ చోట, ఎండ కాసినప్పుడు తలుపులు తీసే వంతు ఎవరిదో రాశాడు. మొదటి పేరు పేరిందేవమ్మది. ఆవిడ రోజూ వచ్చి వ్యానులో కూర్చునే బియ్యం ఏరుకునేది.

కార్తిక ఏకాదశి గడిచిన మర్నాడు పొద్దున్నే అందరూ పెరట్లో చేరారు. పందిరి విప్పారు. విరూపాక్ష తలుపు తీసి పక్కకు నిలబడ్డాడు.

స్వామి లోపలికెక్కారు. గాలి పీల్చి చూశారు. పొడి చెక్క వాసన, దానితో కాస్త బియ్యం వాసన. ఒక పుస్తకం తెరిచి మూశారు. చూపుడు వేలితో పై అర మీద గీత గీసి, ఆ వేలు పైకెత్తి చూపించారు. దుమ్ము.

విరూపాక్ష ముఖం పాలిపోయింది. "చుక్క నీరు రాలేదు స్వామీ. బూజు లేదు. కానీ గాలితో పాటు అది కూడా వచ్చింది."

స్వామి కిందికి దిగారు. దుమ్ము అంటిన ఆ వేలితోనే విరూపాక్ష నుదుట అడ్డంగా, విభూతి పెట్టినట్టు, ఒక రేఖ దిద్దారు.

"ఇది తుడిస్తే పోతుంది" అన్నారు. "ఎక్కు."

సింహాద్రి హారన్ కొట్టాడు. పేరిందేవమ్మ పెసరట్ల మూట అందించింది, వెదురు బుట్టలో పెట్టి.

మొదటి ఊరు ముప్పై ఒక్క కిలోమీటర్లు. అక్కడికి చేరేదాకా విరూపాక్ష నుదురు తుడుచుకోలేదు.