పాదులో తడి

సుభద్రాంబగారిని ప్రశ్న అడగడమంటే పని నెత్తిన వేసుకోవడమే. పిఠాపురంలో ఆవిడ తన ఇంటి అరుగు మీద సాయంత్రంపూట గీత చెప్పేవారు. వినవచ్చిన ఆడవాళ్లలో ఎవరైనా సందేహం అడిగితే "అలాగా!" అని, చేతికి ఓ చీపురో, చాటలో బియ్యమో అందించేవారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి సందేహమే గుర్తుండేది కాదు. పనికి జడిసి సందేహాలు మింగేసినవాళ్లూ లేకపోలేదు. మాణిక్యాంబ మాత్రం ఎంత బియ్యం ఏరవలసివచ్చినా అడగడం మానని మనిషి.

ఆ చైత్రమాసంలో ఒకనాడు ఆవిడ అందరికంటే ముందే వచ్చి అరుగు మీద చతికిలబడింది. "అమ్మగారూ, మనుషుల్ని ఊరికే అనుమానించకూడదంటారు కదా మీరు. నేను అనుమానించాను. అనుమానించినట్టే జరిగింది. మరి ఇప్పుడేమంటారు?" అంది. ఆ గొంతులో బాధ కంటే గెలుపే ఎక్కువగా వినిపించింది.

"ఏం జరిగిందో చెప్పు" అన్నారు సుభద్రాంబగారు.

మాణిక్యాంబ కూతురు పోయేనాటికి మనవరాలు వసుధ ఇంకా పాకుతోంది. సామర్లకోటలో తన ఇంటికి తాళం పెట్టి వచ్చి, అల్లుడు సుదర్శనం ఇంట్లోనే ఉండి ఆ పసిగుడ్డుని పెంచిందావిడ. నిరుడు సుదర్శనం హైమని పెళ్లి చేసుకున్నాడు. చేసుకోమని నచ్చజెప్పింది మాణిక్యాంబే. కానీ చెప్పడం వేరు, ఎదురుగా చూడడం వేరు. హైమ గడపలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆవిడకి కాపలా ఉద్యోగమైపోయింది. పిల్లకి పాలు కలిపితే చిక్కగా ఉన్నాయో లేదో చూసేది. తల దువ్వుతుంటే జుట్టు పట్టి లాగుతోందేమోనని వెనకే నిలబడేది. హైమ నవ్వితే నటన అనుకునేది, నవ్వకపోతే అసలు రంగు బయటపడిందనుకునేది. హైమకి ఇదంతా తెలియక కాదు. పెద్దావిడకి కనబడేటట్టు పాలగిన్నె కాస్త వంచి పట్టుకుని మరీ గ్లాసులో పోసేది. అలా వంచడం చూసి కూడా, ఇంత జాగ్రత్త దేనికో అని మాణిక్యాంబ ఆలోచనలో పడేది.

పెరట్లో ఒక మల్లెపొద ఉంది. కూతురు కాపరానికి వచ్చిన కొత్తలో పెట్టుకున్నది. పచ్చగా గుబురుగా ఉండేదే గాని పువ్వులు అరాకొరా. పుష్యమాసంలో ఒకరోజు మాణిక్యాంబ పెరట్లోకి వచ్చేసరికి హైమ ఆ పొద కొమ్మలు కత్తిరించి, ఉన్న ఆకులన్నీ చేత్తో దూసేస్తోంది.

"ఏం చేస్తున్నావే?" అని కేకేసింది మాణిక్యాంబ.

"మా ఊళ్లో ఇంతేనండి పెద్దమ్మగారూ" అంది హైమ, చెయ్యి ఆపకుండానే. "ఇప్పుడు ఆకు దూసి, నీళ్లు మానేసి ఎండగడితే ఎండాకాలం మొదట్లో విరగబూస్తుందండి. పాప పుట్టినరోజుకి వాళ్లమ్మ చెట్టు పువ్వులతోనే పూలజడ వేస్తానని మాటిచ్చాను."

మాణిక్యాంబకి పువ్వులంటే మూర లెక్కన కొనడమే తెలుసు, పెంచడం తెలియదు. చెట్టుకి నీళ్లు మాన్పిస్తే పూస్తుందంటే నమ్మడానికి ఆవిడేమీ నిన్నగాక మొన్న పుట్టలేదు. పుల్లల్లా మిగిలిన ఆ పొదని చూస్తుంటే కూతురు మంచం పట్టి చిక్కిపోయిన రోజులు కళ్లముందు తిరిగాయి. తన కూతురి చేతి చెట్టు ఈ ఇంట్లో ఉండకూడదు, అదీ హైమ ఎత్తు. ముందు చెట్టు, తర్వాత గోడమీది ఫొటో, ఆపైన పిల్ల. వరస ఆవిడకి అరచేతిలో ఉన్నట్టు కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం పాపకి క్యారేజీ ఇచ్చి రావడానికి హైమ బడికి వెళ్లగానే, మాణిక్యాంబ బియ్యం కడిగిన నీళ్లు పట్టుకెళ్లి పాదులో పోసింది. ఎవరికీ అనుమానం రాకుండా పైన పొడిమట్టి చల్లి, అరచేత్తో సర్దింది. అప్పట్నుంచి రోజూ అదే పని. కొన్నాళ్లకి కణుపు కణుపునా చిగుళ్లు వచ్చాయి. ఆవిడకి కూతురే లేచి కూర్చున్నంత సంతోషమైంది. హైమ మాత్రం చిగుళ్లు చూసి మొహం చిట్లించి, పాదుమట్టి మీద చెయ్యి ఆనించి, "వానేమైనా పడిందా పెద్దమ్మగారూ?" అని అడిగింది.

"రోజూ మంచు కురవడం లేదూ?" అంది మాణిక్యాంబ. చెట్టు బతికితే దీనికింత దిగులెందుకో అని కూడా మనసులో రాసిపెట్టుకుంది.

చైత్రం వచ్చింది. వీధిలో ఎవరి పెరట్లోకి తొంగిచూసినా మొగ్గలే. వీళ్ల పొద మాత్రం గోడెత్తు పెరిగి, ఆకు తప్ప మరోటి లేకుండా నిలబడింది. హైమ పొద్దునా సాయంత్రమూ దాని పక్కన కూర్చుని కొమ్మలు పైకెత్తి వెతికేది. "మా ఇంటి దగ్గర నా చేత్తో దూసిన చెట్టు పూయకపోవడమనేది లేదండి. ఇక్కడ నా చెయ్యి అచ్చిరాలేదేమో" అందొకసారి. ఆ మాటలో ఏడుపుంది. మాణిక్యాంబకి అందులో నేరం ఒప్పుకోవడమే వినిపించింది.

పుట్టినరోజునాడు హైమ బజారు నుంచి మల్లెలు తెప్పించింది. "ఇవి అమ్మ చెట్టువి కావుగా" అని వసుధ జడ వేయించుకోకుండా ఏడుస్తూ కూర్చుంది. పేరంటానికి వచ్చినవాళ్లంతా ఉండగానే మాణిక్యాంబ నోరు విప్పింది. చెట్టుని మొగ్గ తొడగనివ్వని చెయ్యి పిల్లనేం పెంచుతుందని అడిగింది. పిల్లని తీసుకుని సామర్లకోట వెళ్లిపోతానంది. సుదర్శనం తలదించుకున్నాడు. మర్నాడు హైమ కూర్చుని వసుధ గౌన్లు ఒక్కొక్కటీ మడతపెట్టి సంచిలో సర్దింది. అందులో కూడా, పీడ వదిలిందన్న తొందర ఏమైనా ఉందేమోనని మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ సంచి సర్దడం పూర్తయ్యాకే బయల్దేరి ఇలా అరుగు మీదికి వచ్చింది.

"రేపు పొద్దున్నే బస్సు. ఇప్పుడు చెప్పండి, ఇంకా నమ్మమంటారా?" అంది. కథంతా చెప్పింది గాని, రోజూ నీళ్లు పోసిన సంగతి చెప్పలేదు. అదొక చెప్పుకోవలసిన విషయంగానే ఆవిడకి తోచలేదు.

సుభద్రాంబగారు లేచి లోపల్నుంచి ఒక పూలసజ్జ తెచ్చి ఇచ్చారు. "పెరట్లో రెండు మల్లెపొదలున్నాయి. వెలుగుండగానే మొగ్గలు కోసుకురా" అన్నారు.

పని తప్పదని మాణిక్యాంబకి తెలుసు. గోడ దగ్గరి పొద చిన్నదే గాని, ముట్టుకుంటే చాలు గుప్పెడు మొగ్గలు చేతిలోకి వచ్చాయి. సజ్జ సగానికి పైగా నిండింది. స్నానాలగది పక్కనున్న రెండో పొద దానికి రెట్టింపుంది. ఆశగా దాని దగ్గరికి వెళ్లి, ఆకు ఆకూ ఎత్తి, కిందకి వంగి, చుట్టూ తిరిగి చూసింది. ఒక్క మొగ్గ లేదు. ఆవిడ నడుం నిటారుగా చేసుకుని, గోడవతలికి ఒకసారి, పనిమనిషి అంట్లు తోముతున్న చోటికి ఒకసారి చూసి, గబగబా అరుగు మీదికి వచ్చింది.

"అమ్మగారూ, ఎవరో ముందే కోసుకుపోయారు. ఊరికే అనకూడదు గాని, మీ పనిమనిషి మీద ఓ కన్నేసి ఉంచండి" అంది గొంతు తగ్గించి.

సుభద్రాంబగారు పకపకా నవ్వారు. "దానికి మొగ్గలు వేస్తే కదా ఎవరైనా కోసుకుపోవడానికి! ఆ రెండూ ఒక తల్లి కొమ్మలే. పుష్యంలో రెండింటికీ నేనే ఆకు దూశాను, రెండింటికీ నీళ్లు మానేశాను. కానీ స్నానాలగది తూము పగిలింది, నేను చూసుకోలేదు. ఆ పొద కిందకి రోజూ నీళ్లు పారుతూనే ఉన్నాయి. దాహం ఎరగని మల్లె ఆకులు వేసుకుంటూ పోతుంది, మొగ్గ మాటెత్తదు."

మాణిక్యాంబ సజ్జ కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"మీ చెట్టు పాదు ఎలా ఉందే మాణిక్యం?" అని అడిగారు సుభద్రాంబగారు.

"పొడిగానే ఉందండి."

"పైన సరే. లోపల?"

మాణిక్యాంబకి గిన్నెలో తెల్లటి నీళ్లు, పైన చల్లిన పొడిమట్టి, దాని మీద ఆనిన హైమ చెయ్యి గుర్తొచ్చాయి. ఒళ్లంతా సిగ్గు పాకింది. కూతురి చెట్టుని బతికిస్తున్నానని మురిసిపోతూ, ఆ కూతురి బిడ్డకి ఒక తల్లి ఇచ్చిన మాటని రోజూ గిన్నెడు చొప్పున తనే ముంచేసింది. పేరంటంలో అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా చెవుల్లో మోగాయి. ఆవిడ అరుగు స్తంభానికి ఆనుకుని, చెప్పకుండా మిగిల్చిన ఆ ఒక్క సంగతీ ఏడుస్తూ చెప్పేసింది.

సుభద్రాంబగారు ఏడుపు తగ్గేదాకా ఆగి, "ఇంటికి వెళ్లి ఇదే హైమతో చెప్పు" అన్నారు.

"ఎలా చెప్పనండీ? దొంగచాటుగా ఇంత పని చేశానంటే ఇంక జన్మలో నన్ను నమ్ముతుందా? నేను పిల్లకి అన్నం ముద్ద పెట్టినా అందులో ఏం కలిపానోనని చూస్తుంది. నా వెనకే తిరుగుతుంది. ఆ చూపు నేను భరించలేనమ్మా."

గీత వినడానికి ఆడవాళ్లు ఒక్కొక్కరే గేటు తీసుకుని వస్తున్నారు. సుభద్రాంబగారు పుస్తకం ఒళ్లోకి తీసుకుని, ఆవిడ వైపు తిరిగారు.

"నీ చూపు హైమ ఏడాదిపాటు ఎలా భరించిందో, చెప్పడం అయ్యాక దాన్నే అడిగి తెలుసుకో."