సుగుణ టీచరు మోకాళ్ళు

కంప్యూటరు చప్పుడు చేస్తోందని సుగుణ టీచరు మూడోసారి ఫోన్ చేసింది. శ్రీశైలానికి ఒళ్ళు మండిపోయింది. తను స్వయంగా సామాను ఏరి, బిగించి, పరీక్షించి ఇచ్చిన యంత్రం అది. చప్పుడన్నది దాని ఒంట్లోనే లేదు. కావాలంటే చప్పుడు కొలిచే మీటరును అడగండి.

సికింద్రాబాదు కంప్యూటర్ బజారులో, మూడో అంతస్తు చివర ఖలీల్ సాబ్ దుకాణం. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన చెయ్యి ఆయనది. పని నేర్పే పద్ధతి మాత్రం కొంచెం మొండి. నాలుగేళ్ళు శిష్యుడు బిగించాలే తప్ప ఏరకూడదు. ఏ ప్రాసెసరు, ఏ క్యాబినెట్, ఏ ఫ్యాను అన్నది ఉస్తాదే చెబుతాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "ఈసారి సామాను నువ్వే తీస్కో" అంటాడు. ఆ యంత్రం కొన్నవాళ్ళ ఇంట్లో నిలబడితే శిష్యుడు పనివాడైనట్టు. తిరిగొస్తే ఇంకో ఏడాది స్క్రూడ్రైవరే గతి.

శ్రీశైలానికి ముప్పై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఇంకో ఏడాది అంటే మాటలు కాదు. అతనికి ముందున్న ఇద్దరు శిష్యులు ఆ ఏడాది మాట వినగానే అలిగి వెళ్ళిపోయారు.

టీచరు అడిగింది చిన్న కోరికే.

"టీవీకి పెట్టుకునే కంప్యూటర్ కావాలె బాబూ. మధ్యాహ్నం పూట ఒక సినిమా చూసుకుంట. చప్పుడు మాత్రం ఉండొద్దు. సార్ లోపల పండుకొని ఉంటరు."

సారంటే ఆమె భర్త రాజలింగం. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేశాడు. ఆయన విజిలేస్తే మైదానం మొత్తం ఆగిపోయేదట. పక్షవాతం వచ్చి మాట పోయింది, మంచం దిగలేడు. పడుకున్న మనిషికి నిద్ర చెడకూడదు, అంతే కదా అనుకున్నాడు శ్రీశైలం. ఇంకేమీ అడగలేదు.

ఆ పని అతను ఆషామాషీగా చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. ప్రతి వస్తువూ ఎంత చప్పుడు చేస్తుందో నోటుబుక్కులో రాసుకుని, అన్నిట్లోకీ తక్కువదాన్నే తీసుకున్నాడు. తొందరగా వేడెక్కని ప్రాసెసరు. దాని మీద ఫ్యాను లేకుండానే వేడి లాగేసే అల్యూమినియం రెక్కల దిమ్మ. మందపాటి ఇనుప క్యాబినెట్, వెనక నెమ్మదిగా తిరిగే ఒకే ఒక్క పెద్ద ఫ్యాను. సారు ఏళ్ళ తరబడి పోగుచేసిన నాలుగు వందల సినిమాలూ పట్టేంత పెద్ద హార్డ్‌డిస్కు. పెద్దవాటిలో ఇంత నెమ్మదైన డిస్కు బజారు మొత్తంలో ఇంకోటి లేదని పక్క దుకాణంవాడితో పందెం కూడా కాశాడు.

అన్నీ అయ్యాక శబ్దం కొలిచే మీటరొకటి కొన్నాడు. అసలు తంటా అంతా అక్కడే మొదలైంది.

మొదటిసారి టీచరు ఫోన్ చేసి, "అప్పుడప్పుడు ఏదో చప్పుడైతున్నది బాబూ" అంది. శ్రీశైలం వెళ్ళి ఆ ఒక్క ఫ్యానూ పీకేశాడు. రెండోసారి, "ఇప్పుడు ఇంకా ఎక్కువైంది" అంది. ఫ్యాను తీసేస్తే చప్పుడు పెరగడమేమిటి? అయినా నోరు మూసుకుని వెళ్ళి, కరెంటు అందించే డబ్బాను కూడా ఫ్యాను లేనిదానితో మార్చాడు. క్యాబినెట్ కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. మూడోసారి ఆమె అన్న మాట ఇది:

"లేచి లేచి నా మోకాళ్ళు పోతున్నయి బాబూ."

శ్రీశైలం ఫోన్ పెట్టేసి ఉస్తాదు వైపు తిరిగాడు. "చూసిన్రా ఉస్తాద్. కంప్యూటర్ చప్పుడు చేస్తే చెవులు పోవాలె గని, మోకాళ్ళెట్ల పోతయి?"

ఖలీల్ సాబ్ తాగుతున్న టీ కింద పెట్టాడు.

"మోకాళ్ళన్నదా?"

"అవ్ ఉస్తాద్."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

టీచరు ఇల్లు మెట్టుగూడలో, రైలు పట్టాలకు దగ్గర. ముందుగదిలో టీవీ, దాని పక్కన శ్రీశైలం చేసిన నల్లటి డబ్బా. లోపలి గదికి తలుపు లేదు, కర్ర నుంచి వేలాడే పరదా ఉంది. ఖలీల్ సాబ్ డబ్బా వంక కూడా చూడలేదు. పరదా తప్పించి లోపలికి వెళ్ళి రాజలింగం సారుకు సలాం చెప్పి, మంచం పక్కన కాసేపు కూర్చుని వచ్చాడు. శ్రీశైలం ఈలోపు మీటరును స్టాండు మీద నిలబెట్టాడు.

"సినిమా పెట్టమ్మా. రోజూ ఎట్ల చూస్తరో గట్లనే చూడుండ్రి" అన్నాడు ఖలీల్ సాబ్.

టీచరు బాగా తక్కువ సౌండులో ఒక పాత సినిమా పెట్టుకుంది. ఇంతలో రైలొకటి పోయింది. కిటికీ రెక్కలు అదిరాయి. మీటరు డెబ్బై దాటింది.

"గిదీ చప్పుడంటే" అన్నాడు శ్రీశైలం.

టీచరు కళ్ళు సినిమా మీదే ఉన్నాయి. రైలు పోయిన సంగతి ఆమెకు తెలిసినట్టే లేదు.

కాసేపటికి ఆమె కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. పరదా తప్పించి లోపలికి చూసి, తిరిగొచ్చి కూర్చుంది. రెండు నిమిషాలకు మళ్ళీ లేచింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. శ్రీశైలం మీటరు మీదికి వంగి ఉన్నాడు. ఖలీల్ సాబ్ ఆమెనే చూస్తున్నాడు.

సినిమా ఆపి డబ్బాను ఒకసారి కట్టేసి, మళ్ళీ వేసి చూపించాడు శ్రీశైలం. "మీరే చూడుండ్రి టీచర్. కట్టేసినా ముప్పయ్యే, నడుస్తున్నా ముప్పయ్యే."

టీచరు కళ్ళజోడు సర్దుకుని అంకె చూసింది. బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి, అంకెతో వాదించడం ఆమెకు రాదు.

"నిజమే బాబూ. నా చెవులే బాగలేవేమో. పోనీ తియ్యి, దానికి ఏదన్న కప్పి పక్కకు పెట్టు. సినిమాలు లేకుంటేంది, గడుస్తది."

కంప్యూటరు తిరిగి రావడం లేదు, ఇక్కడే ఉంటుంది. అంటే శ్రీశైలం గెలిచినట్టే. అతను ఆశగా ఉస్తాదు ముఖం చూశాడు.

"ఆ అంకె గట్టిగ చదువు" అన్నాడు ఖలీల్ సాబ్. "చదువుతనే ఉండు. దాని మీదికెల్లి చూపు తియ్యకు." అని పరదా వెనక్కి వెళ్ళాడు.

"ముప్పై" అన్నాడు శ్రీశైలం. "ముప్పై. ముప్పై."

పరదా అవతలినుంచి టిక్, టిక్ మంది.

"ముప్పై. కదల్లేదు ఉస్తాద్."

"టీచరమ్మ ఏడున్నరు?"

శ్రీశైలం తలెత్తాడు. కుర్చీ ఖాళీగా ఉంది. టీచరు అప్పటికే పరదా దగ్గర ఉంది.

అతను ఆమె వెనకాలే వెళ్ళాడు. ఆ ఇంటికి నాలుగుసార్లు వచ్చినా పరదా అవతల అడుగుపెట్టడం అదే మొదలు. ఇనుప మంచం మీద రాజలింగం సారు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒళ్ళంతా దుప్పటి కింద ఉంది, ఎడమచెయ్యి మాత్రం మంచం పట్టీ మీద ఉంది. ఆ చేతి చూపుడువేలొక్కటే కదులుతుంది. గోరు పట్టీకి తగిలితే టిక్‌మంటుంది. ఖలీల్ సాబ్ ఇందాక గోరుతో తట్టిందీ ఆ పట్టీనే.

"అది ఆయన పిలుపు" అంది టీచరు. "నీళ్ళు కావాలన్నా, పక్కకు తిప్పాలన్నా గంతే. నాకు వినపడకపోతే ఆయన అట్లనే ఉండాలె."

ముందుగదిలో నల్లటి డబ్బా ఒంటరిగా నడుస్తోంది. దాని లోపలి హార్డ్‌డిస్కు టిక్, టిక్ మంది.

టీచరు చటుక్కున సారు వేలి వైపు చూసింది. వేలు కదల్లేదు. ఆమె సిగ్గుపడి నవ్వింది. శ్రీశైలం నవ్వలేకపోయాడు. ఫ్యాను హోరు ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడు కొంతైనా దాని చాటున పడి ఉండేది. ఆ చాటు తనే తీసేశాడు. ఎంత నిశ్శబ్దం చేస్తే ఆమెను అన్నిసార్లు కుర్చీలోంచి లేపాడు. అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఖలీల్ సాబ్ సారు మీద దుప్పటి సర్ది బయటికొచ్చాడు.

శ్రీశైలం ఆ సాయంత్రమే హార్డ్‌డిస్కు విప్పి, లోపల ఏదీ తిరగని చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించాడు. నాలుగు వందల సినిమాల్లో నలభయ్యే పట్టాయి. ఏ నలభై కావాలని ఈసారి టీచరును అడిగాడు. ఆమె లోపలికి వెళ్ళి సారును అడిగి వచ్చింది. మిగిలినవన్నీ డిస్కుతో సహా బీరువాలోకి వెళ్ళాయి. పీకేసిన ఫ్యానును కూడా మళ్ళీ వెనక బిగించాడు, దాని సన్నటి హోరుతో ఎవరికీ పేచీ లేదు. మీటరు పెట్టి ఉంటే ముప్పైకి పైనే చూపించేది. అతను దాన్ని సంచీలోంచి తియ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం శ్రీశైలం మళ్ళీ వెళ్ళి గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. టీచరు సినిమా పెట్టుకుంది. రెండున్నర గంటల సినిమాలో ఆమె ఒకే ఒక్కసారి లేచింది. ఆ ఒక్కసారీ రాజలింగం సారు నిజంగానే నీళ్ళు అడిగాడు.