చిట్టెన చిల్లుగిన్నె

ఒకానొక కొండరాజ్యాన్ని గజాంకభూపాలుడు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే లెక్కల్లో తన అంతటివాడు లేడన్న తెగులొకటి ఉండేది. ప్రభువుకు తెగులుంటే బాధ ప్రజలకు.

ఆ రాజ్యంలో కాలాన్ని గిన్నెతో కొలిచేవారు. అడుగున సన్నచిల్లున్న రాగిగిన్నెను నీళ్లలో వదిలితే సరిగ్గా గడియకు మునిగేది. మునగగానే గంట కొట్టేవారు.

దసరా ముందురోజు, జాబులు మోసే పోలయ్యను సభకు ఈడ్చుకొచ్చారు. సరిహద్దు కోట నాలుగు క్రోసుల దూరం. గడియకో క్రోసు చొప్పున పోయి ఎనిమిది గడియల్లో తిరిగి రావాలని ఆజ్ఞ. వాగు పొంగి, పోవడానికే ఎనిమిది గడియలు పట్టింది. వచ్చేటప్పుడు పాదాలు చిట్లేలా పరుగెత్తి నాలుగు గడియల్లో వచ్చాడు పాపం.

"పోయేటప్పుడు గడియకు అర క్రోసు. వచ్చేటప్పుడు ఒకటిన్నర పరుగెత్తితే, రెండూ కలిపి సగం చెయ్యగా సరిగ్గా ఒకటి! వేళకు చేరేవాడే. సోమరిపోతు! పండగ కాగానే వీడి కాలి నరం కోయండి" అన్నాడు రాజు.

సభంతా తలూపింది. పోలయ్య భార్య నూకాలు పోయి విదూషకుడు చిట్టెన కాళ్ల మీద పడింది.

"ఆ కాళ్లే మా కూడు బాబూ! నువ్వే కాపాడాల!"

చిట్టెన చిక్కులో పడ్డాడు. లెక్క తప్పని చెప్తే తన తల ఉండదు. చెప్పకపోతే పోలయ్య కాలుండదు. ఆలోచించి ఆలోచించి, మర్నాడు జమ్మిచెట్టు దగ్గర గిన్నె చూసే పని అడిగి పుచ్చుకున్నాడు.

పండగనాడు రాజు పల్లకిలో జమ్మికి పోవడానికి ఒక గడియ, పూజ చేసి వడిగా తిరిగి రావడానికి ఒక గడియ. రెండో గిన్నె మునిగేలోగా సింహాసనం ఎక్కకపోతే ఏడాదంతా అరిష్టమని ఆనవాయితీ.

రాజకోటలో శంఖం ఊది పల్లకి లేపగానే, జమ్మి దగ్గర చిట్టెన గిన్నెను నీళ్లలో వదిలాడు. పల్లకి సగం దారిలో ఉండగానే గంట మోగింది. రాజు "నడవండర్రా!" అని బోయీలను తరిమాడు. జమ్మి దగ్గర కాలు కింద పెట్టాడో లేదో, రెండో గంట ఖంగుమంది.

"అయిపోయింది! ముహూర్తం దాటిపోయింది!" అన్నాడు రాజు.

"కంగారెందుకు ప్రభూ?" అన్నాడు చిట్టెన, చేతులు కట్టుకుని. "సగం వేగంతో వచ్చారు. ఒకటిన్నర వేగంతో వెళ్లండి. కలిపి సగం చేస్తే సరిగ్గా ఒకటి. ముహూర్తానికే సింహాసనం మీద ఉంటారు."

"ఓరి మూర్ఖుడా! రెండు గిన్నెలూ మునిగాక ఇంకెక్కడి ముహూర్తం? గద్దలా ఎగిరిపోయినా అందదు!"

"పోలయ్యకూ ఎనిమిది గిన్నెలూ పోయేటప్పుడే మునిగాయి ప్రభూ. తిరుగుదారికి ఒక్క గడియా మిగల్లేదు."

రాజు వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టి నాలుక కరుచుకున్నాడు. చిట్టెన గబుక్కున సాగిలపడ్డాడు.

"క్షమించాలి! గిన్నె చిల్లు నేనే పెద్దది చేశాను. అందుకే గడియకు రెండుసార్లు మునిగింది. తమకింకా నిండుగా ఒక గడియ ఉంది. పూజ కానివ్వండి!"

రాజు ఊపిరి పీల్చుకున్నాడు. పూజ ముగించి, సమయానికి సింహాసనం ఎక్కి, ముందుగా పోలయ్య కట్లు విప్పించాడు. తన కాలి వెండికడియం తీసి అతని పాదానికి తొడిగించాడు. నూకాలు ఏడుస్తూనే నవ్వింది.

చిట్టెనకు పట్టుశాలువా కప్పుతూ రాజు చెవిలో అడిగాడు: "ఇంతకీ ఎంత చిల్లు పెట్టావురా?"

"ప్రభువుల లెక్కలో ఉన్నంతే!"

రాజు పకపకా నవ్వి, రెండో శాలువా తెప్పించాడు.