పొద్దు ఎప్పుడు పొడిచింది?

కుంఫిణీ దొరలు సముద్రపు ఒడ్డున కోఠీలు కట్టుకుంటున్న రోజుల్లో, కొండల నడుమ ఒకానొక చిన్న రాజ్యాన్ని వీరప్రతాప బహద్దరు ఏలుతుండేవాడు. ఆయన మీసం పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. దొరల ఉత్తరాలు చదివి చెప్పే దుబాసీ సోమయాజులు మాత్రం బక్కపలచని మనిషి.

ఒకనాడు దొర దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తమరు సాలెవాళ్లను 'ఇంటిమిడేట్' చేస్తున్నారని విన్నాం, అని ఉంది అందులో.

"ఆ మాటకు అర్థమేమిటయ్యా?" అన్నాడు రాజు.

సోమయాజులు ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా పాపం, అర్థం మార్చి చెప్పడం అతనికి చేతకాదు. "ఎదుటివాడు నోరెత్తకుండా భయపెట్టడం, ప్రభూ."

రాజు గద్దె మీంచి లేచాడు. "నేనా? నేను భయపెట్టినవాడు ఈ సభలో ఒక్కడున్నాడా?"

"లేడు ప్రభూ!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

"విన్నావా? అలాంటివాణ్ణి ఒక్కణ్ణి ఇప్పుడే చూపించు. లేదంటే పెళ్లాంబిడ్డలతో పొలిమేర దాటు."

సోమయాజులు కాస్త ఆలోచించి, కోట గంట కొట్టే బైరాగిని పిలిపించాడు.

"తెల్లవారగానే కొట్టే గంట ఇవాళ ఎప్పుడు కొట్టావు, బైరాగీ?"

"ఏలినవారు నిద్ర లేచాకండి."

"మరి పొద్దు ఎప్పుడు పొడిచింది?"

బైరాగి రాజు ముఖంలోకి ఒకసారి చూశాడు. "ఏలినవారు లేచాకేనండి."

ఆ రోజు రాజు లేచేసరికి బారెడు పొద్దెక్కింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, రాజుకూ తెలుసు.

"ఒరే, నిన్నెప్పుడైనా తిట్టానా, కొట్టానా?" రాజు గొంతు తగ్గింది.

"అయ్యో, లేదండి. ఒకసారి గంట చప్పుడికి తమరికి నిద్ర చెడింది. మేడ మీంచి నా వంక చూశారండి, అంతే. పదకొండేళ్లయిందండి."

సోమయాజులు మెల్లగా అన్నాడు. "అర్థం అదే, ప్రభూ. చేసినవారికి గుర్తు కూడా ఉండదు."

రాజు మళ్లీ గద్దె మీద కూర్చున్నాడు. ఆనక పకపకా నవ్వాడు. వెంటనే సభంతా నవ్వింది. రాజు చప్పున ఆపాడు. సభా ఆపేసింది. అప్పుడు తెలిసింది రాజుకు, ఆ మాట ఎంత బరువైనదో.

తన శాలువా తీసి సోమయాజులుకు కప్పాడు. బైరాగికి చేతి కడియం ఇచ్చి, "రేపటి నుంచి సూర్యుణ్ణి చూసి కొట్టరా, నన్ను కాదు" అన్నాడు. "సాలెవాళ్లను పిలిపించండి... వద్దు, పిలిస్తే వాళ్లూ లేదనే అంటారు. వాళ్ల వీధికి నేనే వెళ్తాను."

మర్నాడు చీకటి విడుతుండగానే గంట మోగింది. రాజు ఉలిక్కిపడి లేచి మేడ మీదికి వచ్చాడు. ఆయన్ను చూడగానే కింద బైరాగి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

రాజు వాడి వంక చూడలేదు. తూర్పుకు తిరిగి నిలబడ్డాడు.

రెండో గంట మోగింది.