కడిగిన చేతులు

మా డాక్టర్ వంశీధర్‌కి కొయ్యడం వచ్చుగాని ఆగడం రాదు. చీలిన ప్లీహాన్ని ఇరవై నిమిషాల్లో తీసేసేవాడు. లారీ ప్రమాదాల్లో దెబ్బతిన్న పెద్దవాళ్ళని ముగ్గురిని అలా బతికించాడు కూడా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని నర్సులం నవ్వుకునేవాళ్ళం.

ఆ ఉదయం తొమ్మిదేళ్ళ నూకరత్నాన్ని తెచ్చారు. సైకిలు మీంచి పడితే హ్యాండిల్ ఎడమ డొక్కలో పొడుచుకుంది. ప్లీహం చీలి కడుపులోకి రక్తం కారిందని స్కానింగులో తేలింది. సెలైన్ ఎక్కించాక బీపీ నిలబడింది. నాడి మాత్రం నూట ముప్ఫై.

"ప్లీహం తీసెయ్యాలమ్మా," అన్నాడు వంశీధర్.

"తీసీసినాక మళ్ళీ మొలస్తాదా బాబూ?" అంది తల్లి పైడమ్మ.

"మొలవదు. జ్వరాలొస్తే తట్టుకునే బలం కూడా తగ్గుతుంది." అబద్ధమాడే మనిషి కాదతను. పైడమ్మ వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుంది.

పిల్లల సర్జన్ సుగుణకుమారి మేడమ్ వచ్చి స్కానింగు చూశారు. పిల్లని ఇంకా ఎక్కువసేపు చూశారు.

"థియేటర్ సిద్ధం చేయించు. రక్తం తెప్పించి ఉంచు. చేతులు కడుక్కుని రా."

వంశీధర్ మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, చేతులు పైకెత్తుకుని వచ్చాడు. మేడమ్ మంచం పక్కన స్టూలు చూపించారు.

"నాడి చూడు."

"ముట్టుకుంటే మళ్ళీ కడుక్కోవాలి మేడమ్."

"కడుక్కో. పావుగంటకోసారి చూడు, కడుక్కో. నాడి పెరుగుతూ పోయినా, బీపీ పడినా ఆ క్షణమే కోద్దాం."

తనని శిక్షిస్తున్నారనుకున్నాడు. మొహం గంటుపెట్టుకునే చూశాడు, కడుక్కున్నాడు. మేడమ్ మంచానికి అటువైపు కూర్చున్నారు. భోజనానికి కూడా లేవలేదు. అలాంటి మనిషి దగ్గర పనిచేశానని నాకిప్పటికీ గర్వం.

రెండింటికి నాడి ఒక్కసారిగా పెరిగింది. వంశీధర్ లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడే సూది గుచ్చారు, ఏడ్చింది," అన్నారు మేడమ్, పిల్ల నుదురు నిమురుతూ. "ఊరుకోనిచ్చి మళ్ళీ చూడు."

కూర్చున్నాడు. కాసేపాగి చూస్తే నూట పద్దెనిమిది. ఆ తర్వాత అతను థియేటర్ తలుపు వైపు చూడలేదు. పిల్లనే చూశాడు.

సాయంత్రానికి నూట నాలుగు. "అమ్మా, ఆకలేస్తంది," అంది నూకరత్నం. పైడమ్మ ఏడ్చేసింది. నాకూ కళ్ళు తడిశాయి.

మర్నాడూ, ఆ మర్నాడూ నాడి నిలకడగానే ఉంది. పిల్లల్లో చాలాసార్లు జరిగేట్టే, ప్లీహంలోంచి కారే రక్తం దానంతటదే ఆగింది. కోత లేకుండా, ప్లీహంతోనే, వారం తర్వాత నూకరత్నం ఇంటికి బయల్దేరింది. ఇంకొన్నాళ్ళు గెంతకూడదని వంశీధరే రెండుసార్లు చెప్పాడు.

పైడమ్మ అతని చేతులు పట్టుకుంది. "మీ హస్తవాసి మంచిది బాబూ. నా పిల్లని నిలబెట్టీసినారు."

"నేనేం చెయ్యలేదమ్మా," అన్నాడు వంశీధర్ మెల్లగా.

మేడమ్ పక్క మంచం దగ్గర కేస్ షీటు రాసుకుంటున్నారు. తలెత్తలేదు.

"ఆ మాట అనడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది, నాయనా."