ఉయ్యాల గుడ్డలో ముడి

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఈతచెట్టు నీడలో, ఒక నేతబడి నడిచేది. అక్కడ పాఠం చెప్పేది ముసలి గిజిగాడు. పిల్లలంతా ఆయన్ని తాతా అని పిలిచేవారు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో బిడ్డ పుడితే, ఉయ్యాల గుడ్డ ఆ ఇంటి పెద్దపిల్లే నేయాలి. ఈసారి ఆ వంతు చారమ్మ అనే ఉడుత పిల్లకు వచ్చింది. వాళ్లమ్మకు నేడో రేపో కాన్పు.

తాత రెండు కొమ్మల మధ్య నిలువు పోగులు బిగించాడు.

"ఇది పడుగు. దీనికి అడ్డంగా పోయేది పేక. పడుగులో పోగు తెగితే చెయ్యి ఆపాలి. ముడివేసి అతికాకే ముందుకు పోవాలి."

"ఒక్క పోగుకే అంత హడావుడా తాతా?" అంది చారమ్మ.

"విను. మన పూర్వులు మొదట చెట్టు బెరడు పరిచారు. అది పసిపిల్లల ఒళ్లు గీరింది. తర్వాత నారను చాపలా అల్లారు. అది వానకు తడిసి బిగుసుకుపోయింది. ఆ తర్వాతే పత్తి వడికి నూలు తీశారు. ప్రతిసారీ ఎవరో ఒకరు తప్పు ఒప్పుకుని, మళ్లీ మొదలుపెట్టారు. అందుకే నీ చేతికి ఈ మెత్తని నూలు అందింది."

చారమ్మ నేతకు కూర్చుంది. ఒక పోగు తెగింది. ఆపి అతికింది. కాసేపటికి ఇంకొకటి తెగింది. గొణుక్కుంటూ అతికింది. మూడోది తెగేసరికి గట్టు మీంచి కుందేలు పిల్ల కేకేసింది.

"ఏమే చారమ్మా! పుట్టబోయేవాడికి మీసాలొచ్చేదాకా నేస్తూనే ఉంటావా?"

చారమ్మకు రోషం వచ్చింది. తెగిన కొసల్ని లోపలికి నెట్టి, పైన పేకను దట్టంగా కొట్టేసింది. పైకి ఏమీ తెలియలేదు.

తమ్ముడు పుట్టాడు. చూడ్డానికి తాతా, బడిపిల్లలూ వచ్చారు. గుడ్డను కొమ్మకు ఉయ్యాలగా కట్టారు.

"నా తల్లే! ఎంత చక్కగా నేశావే!" అని అమ్మ మురిసిపోయింది. ఇంకా కళ్లు తెరవని పసివాణ్ణి పడుకోబెట్టడానికి వంగింది.

చారమ్మకు ఆ తెగిన పోగు గుర్తొచ్చింది. చెబితే అందరి ముందు తలవంపు. చెప్పకపోతే? ఉయ్యాల కిందంతా రాళ్లు.

"అమ్మా, వద్దు! వాణ్ణి అందులో వెయ్యకు!"

ఏడుస్తూనే ఒక ఉసిరికాయ తెచ్చి ఉయ్యాలలో వేసింది. గుడ్డలో సందు విచ్చుకుంది. కాయ జారి రాళ్ల మీద పడి చిట్లింది. కుందేలు పిల్ల కూడా నవ్వలేదు.

"విప్పు. ఆ పోగు దాకా విప్పు" అన్నాడు తాత గట్టిగా. తర్వాత పక్కన కూర్చుని, రెక్కతో చారమ్మ వీపు నిమిరాడు. "కొస నేను పట్టుకుంటాను. ముడి నువ్వు వెయ్యి."

నేత ముగిసేదాకా పసివాడు అమ్మ తోకలో పడుకున్నాడు.

"ముడి కనిపిస్తోంది తాతా" అంది చారమ్మ చిన్నబోయి.

"కనిపించనీ."

అమ్మ పసివాణ్ణి ఉయ్యాలలో వేసింది. వాడు అటూ ఇటూ తడిమి, ఆ ముడినే గుప్పిట పట్టుకుని నిద్రపోయాడు.

నీతి: సిగ్గుపడి దాచిన తప్పు మనవాళ్ల మీదికే వస్తుంది. ఆలస్యమైనా సరే, ఒప్పుకుని సరిదిద్దుకోవాలి.